నాలుగున్నర బస్సు

మా పేటలో చేపల వేటకు వెళ్ళే మగాణ్ణి ఎప్పుడొస్తావని అడగరు. ఎక్కడికని కూడా అడగరు. సద్దిగిన్నె అరుగు మీద పెడితే తీసుకుని వెళ్ళిపోతాడు, అంతే. ఎవరైనా నోరు జారి అడిగారంటే ఆ పూట ఆ మనిషి బోటెక్కకూడదు. తను ఎక్కుతానన్నా బోటు నడిపే సరంగు ఎక్కనివ్వడు. కళింగపట్నం బీచికి షికారుకొచ్చిన పట్నం వాళ్ళు తెలియక అడిగి, మా వాళ్ళ చేత చీవాట్లు తిని పోవడం నేను చాలాసార్లు చూశాను.

నేను పదో తరగతి పాసై ఈ పేటకు కోడలినై వచ్చాను. ఎండుచేపల గంప ముందు కూర్చున్నానంటే నా నోటికి ఎదురు లేదు. బేరానికొచ్చిన వాళ్ళని మీదే ఊరు, ఎంతమంది పిల్లలు, పోయినసారి పట్టుకెళ్ళిన నెత్తళ్ళు ఏం చేశారు అని పది ప్రశ్నలు వేస్తే గానీ తూచేదాన్ని కాదు. అలాంటిదాన్ని పద్దెనిమిదేళ్ళలో నా మొగుణ్ణి ఆ ఒక్క మాట అడగలేదు. మాది మంచి కాపరమని, కట్టు తప్పని ఇల్లాలినని లోలోపల మురిసిపోయేదాన్ని కూడా.

నేను చెప్పేది తిత్లీ తుఫాను వచ్చిన ఏడాది సంగతి. తుఫాను కాదు, దానికి ముందు వేసవి. ఏప్రిల్ పదిహేనున ఎప్పట్లాగే వేట నిషేధం పెట్టారు, బోట్లన్నీ ఇసుక మీదికెక్కాయి. సరిగ్గా ఆ వారంలోనే మా మావకి, అంటే నా మొగుడు గంగులుకి, డయాలసిస్ మొదలైంది. రెండు కిడ్నీలూ పాడైపోయాయని సంక్రాంతి వెళ్ళగానే చెప్పారు. శివరాత్రికి ముందు ఎడమ చేతి మణికట్టు దగ్గర చిన్న ఆపరేషన్ చేసి నరాలు కలిపారు. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం శ్రీకాకుళం వెళ్ళి, ఆ చేతికి సూదులు గుచ్చుకుని నాలుగు గంటలు మిషను పక్కన పడుకుని రావాలి. ఇక జన్మంతా ఇంతేనని డాక్టరు మాతో మామూలుగా చెప్పేశాడు.

మొదటి రెండు వారాలు నేను వెంట వెళ్ళాను. మూడో వారం మావ ఒద్దన్నాడు. నన్ను సంచిలాగ మోసుకెళ్ళక్కర్లేదు, నాకు బస్సెక్కడం వచ్చు అన్నాడు. పొద్దున్న ఏడింటికి ఎక్కితే సాయంత్రం నాలుగున్నర బస్సుకి దిగుతాడు. ఒంటరిగా వెళ్ళిన మొదటి రోజు, గుమ్మంలో ఎలా సాగనంపాలో నాకు తోచలేదు. మా అత్త మరిడమ్మకి మాత్రం ఏ అనుమానమూ లేదు.

"ఇదీ వేటే అనుకోయే. ఎల్లినోడు వస్తాడు. నోరు మూసుకుని సద్ది కట్టు," అంది.

క్యారేజీ కట్టి అరుగు మీద పెట్టాను. మావ తీసుకున్నాడు. ఒకసారి గుమ్మం వైపు చూశాడు. నేను తల దించుకున్నాను, అత్త లోపలికి వెళ్ళిపోయింది, మా అమ్మాయి ఉష పుస్తకం తిరగేస్తున్నట్టు నటించింది. ఆ పిల్ల అప్పుడే ఇంటరు రెండో ఏడాదికి వచ్చింది. మావ వెళ్ళిపోయాడు. అన్ని మంగళవారాలూ, అన్ని శుక్రవారాలూ అలాగే జరిగేవి.

మిగతా రోజుల్లో ఇల్లు ఇంకా పాడుగా ఉండేది. రోజుకి ముప్పావు లీటరుకి మించి నీళ్ళు ఒద్దన్నారని అత్త కుండకు కాపలా కూర్చునేది. గ్లాసులో నీళ్ళు పోసి ఇచ్చి, తాగేదాకా నిలబడి, గ్లాసు పట్టుకుపోయేది. ఉప్పు ఒద్దన్నారని ఇంట్లో అందరికీ చప్పిడి కూడే వండాను. ఎండుచేపలు ఇంటి వెనక్కి మార్చేశాను. నేను ఎంతో ప్రేమగా చేస్తున్నాననుకున్నాను. మావ ఏమీ అనేవాడు కాదు. బోటు నీడలో కూర్చుని, బాగున్న వలనే మళ్ళీ బాగుచేసేవాడు. చుట్టుపక్కల వాళ్ళు పలకరింపుకి వచ్చి, మిషను మీదికెక్కినవాడు ఇంక దిగడు అని వినపడేలా అనిపోయేవారు. వాళ్ళని ఇసుక మీద నిలబెట్టి కడిగేదాన్ని. మావతో మాత్రం ఏమీ మాట్లాడేదాన్ని కాదు.

మే నెల రెండో శుక్రవారం. ఎండలో పోసిన కవళ్ళ చేపలు తిరగేస్తుంటే ఫోను మోగింది. ఆస్పత్రిలో మిషన్లు చూసే శివాజీ. వాళ్ళ దగ్గర రాసుకున్నది నా నంబరే.

"అమ్మా, గంగులు గారు ఊళ్ళో నేరా? మంగళవారం రానేదు, ఇయ్యాల కూడా రానేదు. పదకొండు దాటిపోనాది. బెడ్డు ఇంకొకలికి ఇచ్చీమంటారేటి?"

చేతిలో చేప చేతిలోనే ఉంది. పొద్దున్న ఏడింటికి క్యారేజీ పట్టుకుని బస్సెక్కిన మనిషి. మంగళవారం సాయంత్రం చేతి మీద దూది, దాని మీద అడ్డంగా ప్లాస్టరు వేసుకుని ఇంటికొచ్చిన మనిషి. నా నోట్లోంచి ఏ మాటొచ్చిందో తెలుసా? వస్తాడు బాబూ, దారిలో ఉన్నాడు అన్నాను. అబద్ధమని శివాజీకీ తెలుసు, నాకూ తెలుసు.

సాయంత్రం నాలుగింటికే వెళ్ళి బస్సాగే చోట టీ బడ్డీ బల్ల మీద కూర్చున్నాను. నాలుగున్నర బస్సుకి మావ దిగాడు. క్యారేజీ ఉంది. చేతి మీద దూది ఉంది, ప్లాస్టరు ఉంది. నన్ను చూసి ఆగాడు.

"ఏటి ఇక్కడున్నావు?"

"ఉల్లిపాయలకొచ్చాను."

 ముందు తను, వెనక నేను. తన కాళ్ళు ఎంత వాచాయంటే చెప్పు పట్టీలు చర్మంలో కూరుకుపోయాయి. పది అడుగులకొకసారి ఆగి, సముద్రం చూస్తున్నట్టు నిలబడి ఊపిరి తీసుకుంటున్నాడు. నేనూ ఆగాను. అడగాలని గొంతు దాకా వచ్చింది. అడిగితే, ఇంక ఎల్లనే అంటాడేమో. అన్నాడంటే అదే నిజమైపోతుంది. అడక్కపోతే ఏదో ఇంకా మిగిలే ఉంటుందని నా పిచ్చి. తెలిసీ అడగలేదు. ఆ తప్పు నాది, ఇంకెవరి మీదికీ తొయ్యను.

ఆదివారం పొద్దున్న కుళాయి దగ్గర ఉండగా ఉష పరుగెత్తుకుంటూ వచ్చింది. మావ మంచం అంచు మీద ముందుకు వంగి కూర్చున్నాడు. పడుకోలేకపోతున్నాడు. ఊపిరితిత్తుల్లో నీళ్ళు గలగలమనడం గుమ్మం దాకా వినిపిస్తోంది. ఆటోలో వేసుకుని శ్రీకాకుళం చేరేసరికి పెదాలు నల్లబడ్డాయి. వెంటనే మిషను పెట్టారు. ఇంకో గంట ఆలస్యమైతే నాకు పనుండేది కాదని డాక్టరు నా మొహం మీదే అన్నాడు. నేను తిట్లన్నీ తిన్నాను. తినాల్సినవే.

బుధవారానికి మావ లేచి కూర్చున్నాడు. ఇంటికి పంపే ముందు డాక్టరు ఒక చీటీ రాసి, ఇంటిల్లిపాదీ వెళ్ళి మేడమ్‌తో మాట్లాడి రండి అన్నాడు. ఆవిడ పేరు అరుణశ్రీ. జబ్బు మనిషి ఉన్న ఇళ్ళ వాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడించడం ఆవిడ పని. ఆమదాలవలసలో ధాన్యం వ్యాపారం చేసే వాళ్ళ అమ్మాయి, ముప్పై ఏళ్ళుంటాయేమో. గది ఒకప్పటి సామాన్ల గది. సెలైన్ డబ్బాలు ఒక మూలకి నెట్టి ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. మేం లోపలికి వెళ్ళగానే నేను ముందుగా చూసింది, మా చేపల వాసనకి ఆవిడ ముక్కు కదులుతుందా అని. కదల్లేదు. అయినా నా కోపం తగ్గలేదు.

సూది వెయ్యని, మందు రాయని డాక్టరమ్మ మాకెందుకన్నాను. ఆవిడ నవ్వి, నేను డాక్టర్ని కాదండి అంది. జబ్బు ఆయన ఒంట్లో ఉంది, కానీ నలుగురూ దాంతోనే కాపరం చేస్తున్నారు కదా, ఎలా చేస్తున్నారో నాకు చెప్పండి చాలంది. మంగళవారం పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఏం జరుగుతుందో ఒక్కొక్కరే చెప్పమంది.

అత్త గంజి సంగతి చెప్పింది. ఉష సీసాలో సగం నీళ్ళు పట్టి ఇచ్చే సంగతి చెప్పింది. నేను క్యారేజీ అరుగు మీద పెట్టే సంగతి చెప్పాను. తర్వాత అని అడిగింది. తర్వాత ఆయన వెళ్తాడన్నాను. వెళ్ళేటప్పుడు మీరేమంటారని అడిగింది. ఏమీ అనమన్నాను.

మేం పోట్లాడుకుని మాటలు మానేశామనుకుంది పాపం. అప్పుడు మా పేట కట్టు అంతా విడమరిచి చెప్పాను, గొప్పగానే చెప్పాను. ఆవిడ విని, మావ వైపు తిరిగి, ఆ రెండు రోజులూ మీరెక్కడున్నారండీ అని అడిగేసింది.

చూడండి, అయిదు రోజులుగా నా గొంతులో ముల్లులా ఉన్న మాట. ఆ పిల్ల మంచినీళ్ళు అడిగినట్టు అడిగింది. మావ కూడా అంత మామూలుగానే చెప్పాడు. శ్రీకాకుళంలో దిగి ఆమదాలవలస బస్సెక్కి, రైల్వే స్టేషనుకెళ్ళి బల్ల మీద కూర్చునేవాడట. క్యారేజీ అక్కడే తినేవాడట. తిరిగొచ్చేటప్పుడు మందుల షాపులో దూది, ప్లాస్టరు కొని తనే అంటించుకునేవాడట.

"స్టేషన్లో ఏం చేసేవారు?" అంది అరుణశ్రీ.

"రైళ్ళు సూసీవోణ్ణి. రైలు ఆలీసంగా వస్తాది కదా. దిగినోల్లని ఎవులో ఒకలు అడగతన్నారు, ఇంతసేపేటి అని. పిల్లలడగతన్నారు, ముసిలోల్లడగతన్నారు. అది సూస్తా కూకునీవోణ్ణి."

 మావ నా వైపు చూడకుండా, గోడకున్న క్యాలెండరుతో చెప్తున్నట్టు చెప్పాడు.

"సముద్రానికెల్లినపుడు మీరడక్కపోతే, ఈడు వస్తాడని నమ్మకం అనుకున్నాను. ఆస్పత్రికెల్లినపుడూ అలగే నోరు మూసుకుంటే, ఈడు రాపోయినా పర్లేదు అన్నట్టుంటాది. నీళ్ళు కొలిసి పోస్తన్నారు, ఉప్పు తీసీసినారు, అన్నీ సేస్తన్నారు. ఒక్కలు కూడా నాతో మాటాడ్డం నేదు. మరి ఎవుల కోసం ఆ సూదులు గుచ్చుకోడం?"

నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. నా మీద నాకే. శుక్రవారమే నాకు తెలిసింది అన్నాను. శివాజీ ఫోను చేశాడు, అందుకే బస్సు దగ్గరికొచ్చాను, అన్నీ తెలిసి వెనకాలే నడిచాను, అడగలేదు అని చెప్పేశాను. మావ అప్పుడు తిరిగి చూశాడు.

"నీకు తెలిసినట్టు నాకూ తెలుసు. ఇంట్లో ఉల్లిపాయలు గంపెడున్నాయి," అన్నాడు.

ఉష ఒక్కసారిగా నవ్వింది, నవ్వుతూనే ఏడ్చేసింది. అత్త మాత్రం కుర్చీలోంచి లేచిపోయింది. ఈ పిల్లల ఆటలు నాతో కాదంది. అడగమని ఈ డాక్టరమ్మ చెప్తే రేపు నా కొడుక్కేమైనా అయితే ఎవరిది పాపమంది. అరుణశ్రీ కూర్చోమనలేదు. మీకెందుకంత భయమో చెప్పి వెళ్ళండమ్మా అంది.

అత్త తలుపు పట్టుకుని నిలబడింది. మామయ్య సముద్రంలో పోయి ముప్పై ఏళ్ళు. ఆ రోజు గురించి ఆవిడ నోరు విప్పగా నేనెప్పుడూ వినలేదు.

"నానడిగినాను. ఆ రోజు ఈడికి జొరం. బేగొచ్చీవా, ఎపుడొస్తావు అనీసినాను. ఎవులూ విననేదు, ఆయనొక్కడే విన్నాడు. సరంగుకి సెప్పకుండా పడవెక్కీసినాడు. మరి రానేదు."

మావ తల్లి వైపు తిరిగాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"ఆ పడవలో నలుగురు పోనారు. మిగతా ముగ్గురి పెళ్ళాలూ అడగనేదు కదమ్మా."

అత్త వచ్చి తన కుర్చీలో కూర్చుంది. 

తర్వాతి వారం మా ఇద్దరినే రమ్మంది అరుణశ్రీ. చెరొక కోరిక చెప్పుకోమంది. నాకు నవ్వొచ్చింది, పెళ్ళిచూపుల్లో కూడా మమ్మల్ని ఇలా కూర్చోబెట్టలేదు. మావ రెండు అడిగాడు. నీళ్ళ సీసా తన దగ్గరే ఉండాలి, తన నీళ్ళు తనే కొలుచుకుంటాడు, ఎవరూ కాపలా కూర్చోకూడదు. రెండోది చెప్పడానికి కాసేపు పట్టింది.

"ఈ సెయ్యి ఒకసారి ముట్టుకోమనండి దీన్ని."

ఆపరేషనైన ఆ ఎడమ చెయ్యి. దాని మీద బరువు పెట్టొద్దని, గాజుతో గీరుకోనివ్వొద్దని చెప్పిన దగ్గర్నుంచీ నేను ఆ పక్కన పడుకోవడమే మానేశాను. మెల్లగా వేళ్ళు ఆనించాను. లోపల గుర్రుమంటోంది, బోటు ఇంజను మీద చెయ్యి పెట్టినట్టే. అదేమిటి మావా అన్నాను. రక్తం గట్టిగా పరుగెడతాది, అది ఆగకూడదు అన్నాడు. నాలుగు నెలలుగా నా పక్కనే ఆ చప్పుడు ఉంది, నాకు తెలియదు. చెయ్యి తియ్యబుద్ధి కాలేదు. పరాయి మనిషి ముందు మొగుడి చెయ్యి పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో.

నా కోరిక ఒక్కటే. నా మీద కోపమొస్తే నన్ను తిట్టు, మిషను మీద చూపించకు అన్నాను. సరేనన్నాడు. మరి మీరు అడుగుతారా అంది అరుణశ్రీ. అది మాత్రం నా వల్ల కాదన్నాను. ఆవిడ బలవంతపెట్టలేదు. కాదన్నవాళ్ళని బతిమాలే రకం కాదు ఆవిడ, అందుకే నాకు నచ్చింది.

ప్రయత్నించలేదని కాదు. మంగళవారం గుమ్మంలో నిలబడి, నీళ్ళు పట్టుకున్నావా అని అడిగాను. శుక్రవారం, చిల్లర ఉందా అన్నాను. మావ ఆగి, ఇంకేదైనా వస్తుందేమోనని చూసేవాడు. అత్త గడప అవతల వింటూ ఉండేది. ఆ మాట రాలేదు. అయినా వెళ్ళొచ్చేవాడు, చేతి మీద నిజం ప్లాస్టర్లతో. ఒంట్లోంచి నీరు తీసేశాక కాస్త తేలికపడ్డాడు. మా కూర్లలోకి ఉప్పు తిరిగొచ్చింది, తన కూర వేరేగా వండమని తనే పోట్లాడి ఒప్పించాడు. డాక్టరు కూడా మిషను పెట్టిన మర్నాడు ఒడ్డుకి దగ్గరగా, బరువు లాగకుండా ఉంటే బోటెక్కొచ్చన్నాడు.

ఆ మాట మావ తలలో తిరుగుతూనే ఉంది. నిషేధం జూన్ పద్నాలుగుతో అయిపోతుంది. పదిహేనున తొలి వేట. ఆ పదిహేను శుక్రవారమైంది.

గురువారం సాయంత్రం మావ దూలం మీంచి వల దించాడు. రేపు ఎర్రన్న బోటులో వెళ్తున్నానన్నాడు. ఎర్రన్న మా సరంగు, ఇరవై ఏళ్ళుగా మావ ఆ బోటులోనే. మిషను సంగతేమిటన్నాను. ఒక్క రోజుకి చచ్చిపోను, ఇరవై ఏళ్ళలో తొలి వేట తప్పలేదు, ఇప్పుడూ తప్పను అన్నాడు. అరుణశ్రీ ముందు ఇచ్చిన మాట గుర్తుచేశాను. నేను నీ మీద కోపంతో వెళ్ళట్లేదు కదా, ఆ మాట తప్పినట్టు కాదు అన్నాడు. వాదనలో నాకంటే రెండాకులు ఎక్కువే చదివాడు. ఉష ఏడ్చింది. మావ కదల్లేదు.

ఎర్రన్న ఇంటికెళ్ళి ఎక్కించుకోవద్దని చెప్పాను. వాడే వస్తానంటే నేను ఒద్దనే వాణ్ణా, నువ్వే ఆపుకో అన్నాడు ఎర్రన్న. ఇంటికొస్తూ ఆ మాటే నమిలాను. ఆపడానికి మా పేటలో ఒకే ఒక్క దారుంది. అది తొలి వేట రోజు, అందరి ముందూ వాడితే ఏమవుతుందో కూడా నాకు తెలుసు.

శుక్రవారం తెల్లారేసరికి పేటంతా ఇసుక మీదుంది. బోట్ల ముక్కులకి పసుపు, కుంకుమ. కొబ్బరికాయలు కొట్టారు, గంగమ్మకి దండాలు పెట్టారు. ఆడవాళ్ళం ఒక వరసలో నిలబడ్డాం, ఒక్కరు నోరెత్తరు. అరవై రోజుల తర్వాత బోట్లు నీళ్ళలోకి దిగుతున్నాయి. మావ మోకాలి లోతు నీళ్ళలో, కుడి చెయ్యి బోటు అంచు మీద వేసి నిలబడ్డాడు. మొహం ఎంత వెలిగిపోతోందంటే, నాకు ఒక్క క్షణం వెళ్ళనివ్వాలనిపించింది. నిజంగానే అనిపించింది. నా చేతిలో క్యారేజీ ఉంది. ఏడింటి బస్సుకి ఇంకా గంట ఉంది.

వరసలోంచి ముందుకొచ్చాను. అత్త నా కొంగు పట్టుకుంది. విడిపించుకోలేదు, అలాగే లాక్కుంటూ నడిచాను.

"మావా, ఎక్కడికెల్తన్నావు? ఎపుడొస్తావు?"

అలల మీద కూడా వినపడింది. వరసలో ఉన్న ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు. ఎవరో నన్ను తిట్టారు. ఎర్రన్న ఇంజను ఆపేశాడు. అతనికి వేరే దారి లేదు.

"అడిగీసినాది. దిగిపో గంగులూ."

మావ వెనక్కి తిరిగి నన్ను చూసిన చూపు నేను మరిచిపోను. ఇరవై ఏళ్ళలో తన చేతుల్లోంచి ఎవరూ ఏదీ లాక్కోలేదు, నేను లాక్కున్నాను. బోటు అంచు వదల్లేదు. నేను నీళ్ళలోకి దిగి తన దగ్గరికే వెళ్ళాను.

"రేపెల్లు మావా. ఎర్రన్నతో నానే సెప్తాను. సముద్రానికెల్లినపుడు నోరెత్తను. బస్సుకెల్లినపుడు మాత్రం అడుగుతాను, అందరి ముందూ అడుగుతాను, బతికినన్నాళ్ళూ అడుగుతాను. ఇపుడు సెప్పు. ఎపుడొస్తావు?"

మావకి కోపం పోలేదు, అది దవడలో కనిపిస్తూనే ఉంది. అంచు మీంచి చెయ్యి తీశాడు. క్యారేజీ అందుకున్నాడు.

"నాలుగున్నర బస్సుకి," అన్నాడు.

తడి లుంగీతోనే ఇసుక ఎక్కి ఊరి వైపు నడిచాడు. అన్ని మొహాలూ సముద్రం వైపు, తనొక్కడే ఇటు. వెనక్కి తిరిగి చూడలేదు. నాకు మాత్రం బెంగ లేదు, సమాధానం నా దగ్గరుంది.

ఆ రోజు పేటలో నన్ను అనని వాళ్ళు లేరు. ఒక బోటుకి వల చిరిగితే అది నా నోటి వల్లే, ఇంకొకళ్ళకి చేప పడకపోతే అదీ నా వల్లే. అననీ. నా మొగుడు మిషను దగ్గరున్నాడని పదకొండింటికి శివాజీ ఫోను చేసి చెప్పాడు. చేసింది నేను కాదు, అతనే. నేను కవళ్ళు లేని చాప మీద ఊరికే కూర్చుని, వాళ్ళన్నవన్నీ విన్నాను. ఎర్రన్న బోటు మధ్యాహ్నానికి నిండా తిరిగొచ్చింది. దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు.

నాలుగింటికి టీ బడ్డీ దగ్గరికి వెళ్ళాను. అప్పటికే బల్ల మీద అత్త కూర్చుని ఉంది. ఆవిడ బస్సాగే చోటుకి రావడం నేనెప్పుడూ చూడలేదు. పొద్దుట్నుంచీ నాతో మాట్లాడలేదు, అప్పుడూ మాట్లాడలేదు. కాస్త జరిగి చోటిచ్చింది.

నాలుగున్నర అయింది. బస్సు రాలేదు. పావు తక్కువ ఐదైంది. అత్త రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని రోడ్డు వైపే చూస్తోంది, పెదాలు కదులుతున్నాయి.  నా నోటి వల్లే అని ఎవరో కాదు, నేనే అనుకోవడం మొదలుపెట్టాను. ఐదవుతుండగా మలుపులో బస్సు కనిపించింది.

మావ దిగాడు. ఒక చేత్తో క్యారేజీ, ఎడమ చేతి మీద రెండు ప్లాస్టర్లు. పొద్దుటి కోపం కొంచెం మొహంలో ఇంకా ఉంది. ఎందుకాలస్యమైందని అడగబోయాను. నా మాట నోట్లో ఉండగానే అత్త బల్ల మీంచి లేచి, బస్సులో వాళ్ళూ బడ్డీలో వాళ్ళూ వినేలా కొడుకుని నిలదీసింది.

"ఇంతసేపేటిరా?"

మావ అక్కడే ఆగిపోయాడు. తల్లిని చూశాడు, నన్ను చూశాడు.

"గార ఊరు దాటినాక టైరు పంచరైనాదమ్మా," అన్నాడు.